ఖాళీ తుపాకీ కవర్లు

నర్సీపట్నం,
3 ఆగస్టు 2025.

సింహాద్రి బావగారికి,

మీ క్షేమం అడగను. నిన్న పొద్దున అబీద్ సెంటర్లో దాన్ని కళ్ళారా చూశాను. మెడలో బంతిపూల దండ, భుజాన తుపాకీ కవరు, పక్కన మీ సంఘం నాయకుడు బుల్లిబాబు, అందరికంటే ముందు వరసలో మీరు. మందుల షాపు అరుగు మీద నిలబడి చెయ్యి ఊపాను. మీరు చూడలేదు. చూసి కూడా చూడనట్టు నటించారంటే, బుల్లిబాబు సావాసం వల్ల ఒక విద్య అబ్బిందన్నమాట.

ఊరేగింపులో తుపాకులు పట్టుకొస్తే కేసు పెడతామని పోలీసులు అన్నారట. అందుకని మీ లైసెన్సుదారుల సంఘం వాళ్ళు ఖాళీ కవర్లు తగిలించుకుని వచ్చారట. నేను ముప్పై రెండేళ్ళు సివిక్స్ చెప్పాను. లోకంలో జరిగిన తిరుగుబాట్ల గురించి చాలా చదివాను. ఉత్త సంచులు భుజాన వేసుకుని ప్రభుత్వాన్ని భయపెట్టడానికి బయలుదేరిన సైన్యం గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. మీ వెనక నడిచిన పెద్దమనిషి కవర్లో గొడుగు పెట్టుకొచ్చాడు. పిడి బయటికి కనిపిస్తూనే ఉంది.

ఇంతకీ ఈ పోరాటం దేనిమీద? లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలంటే కళ్ళ పరీక్ష చేయించుకోమంటున్నారు. మతి సరిగా ఉందని డాక్టరు చేత రాయించమంటున్నారు. ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరూ "తుపాకీ మా ఇంట్లో ఉండటం మాకు సమ్మతమే" అని సంతకం పెట్టాలంటున్నారు. ఈ కొత్త రూల్స్ ముసాయిదా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. బుల్లిబాబు చదవలేదు. చదవడం అతనికి అలవాటు లేదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు; నా సబ్జెక్టు ఎన్నిసార్లు తప్పాడో అతనికే గుర్తుండదు. తర్వాత మార్కెట్ కమిటీ చైర్మన్ అయి నా రిటైర్మెంటు సభకి ముఖ్య అతిథిగా వచ్చాడు. నాకు కప్పవలసిన శాలువా తను కప్పించుకున్నాడు, నా గురించి మాట్లాడవలసిన టైములో తన గురించి మాట్లాడాడు, భోజనం చేసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ అతని అభివృద్ధిని శ్రద్ధగా గమనిస్తున్నాను.

నిన్న నా చెవుడికి కూడా వినపడే మైకులో అతను అన్న మాట ఇది: "మా ఇంటికాడ తుపాకీ ఉంచుకోడానికి మా ఆడోళ్ళ పర్మిషనేటి? రేపు మీసం ఉంచుకోడానికి కూడా సంతకం ఎట్టించమంతారేటి?" మీరు చప్పట్లు కొట్టారు. మీకు మీసం లేదు.

మీ తుపాకీ చరిత్ర నాకు తెలియంది కాదు. అడవిపందుల నుంచి చెరుకును కాపాడతానని లైసెన్సు తీసుకున్నారు. ఇన్నేళ్ళలో దాని దెబ్బకి పోయింది పక్క పొలం వాళ్ళ కుక్క, కరెంటు స్తంభం మీది పింగాణీ గిన్నె. పందులు మాత్రం తరతరాలుగా మీ చెరుకే తింటున్నాయి.

నా కూతుర్ని మీ కోడలిగా ఇచ్చాను కాబట్టి, బావమరిదిగా ఒకసారీ వియ్యంకుడిగా ఒకసారీ సిగ్గుపడవలసి వచ్చింది. ఫోను చేయకండి, నాకు వినపడదు. జవాబు రాసి లచ్చన్న ఆటోలో పంపండి. అక్కనీ, లావణ్యనీ, అల్లుణ్ణీ అడిగానని చెప్పండి.

మీ ఊరేగింపు ఆసాంతం చూసిన,
అప్పలనరసింహం.


నాతవరం,
6 ఆగస్టు.

అప్పలనరసింహానికి,

ఉత్తరం లచ్చన్న ఇచ్చాడు. మీ అక్క రామాయమ్మకి చదివి వినిపించాను. గొడుగు దగ్గర నవ్వింది. "తమ్ముడికి సిన్నప్పట్నుంచీ అంతే. ఎవులూ బాగోరు ఆడికి" అంది.

నువ్వు చెయ్యి ఊపడం చూశాను. నీ చెయ్యి వెనకాలే నాలుగు పేజీలు వస్తాయని తెలిసి తల తిప్పుకున్నాను. అయినా వచ్చాయి.

పందుల గురించి నువ్వు రాయడమేమిటి? నీ మేడ మీద కుండీలో తులసిమొక్క ఎండిపోయి రెండేళ్ళయింది. ఒక మంద చెరుకులో దిగి వెళ్ళాక ఆ మడి ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూడు. పుస్తకంలో దొరకదు.

బుల్లిబాబు నీకు నచ్చడు. నాకూ నచ్చడు. కానీ సంఘంలో చేరనన్నవాణ్ణి "నీకేటి అభ్యంతరం?" అని నలుగురూ అడుగుతారు. అడిగించుకోవడం నాకు ఇష్టం లేదు. కళ్ళు చూపించుకోమంటే చూపించుకుంటాను. మతి కూడా చూపించుకుంటాను, ఉన్నంతవరకు. ఇంట్లోవాళ్ళ సంతకాలు అన్న ఒక్క ముక్క తీసేస్తే చాలు. ఇంటి సంగతులు కాగితం మీదకి ఎందుకు?

శ్రావణ శుక్రవారానికి లావణ్య పిల్లతో మీ ఇంటికి వస్తోంది. ఉపన్యాసాలతో విసిగించకు. కాస్త పడుకోనీ.

మీ బావ,
సింహాద్రి.


నర్సీపట్నం,
12 ఆగస్టు.

బావగారికి,

ఈ ఉత్తరం కూర్చుని రాయలేకపోతున్నాను. సంతోషం పట్టలేక మధ్యమధ్య లేచి తిరుగుతున్నాను. కారణం తర్వాత చెబుతాను, ముందు నా కూతురి సంగతి.

లావణ్య వచ్చింది. పూజ అయ్యాక నా పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది: "నాన్నా, ఆ సంతకం రూలు నిజంగా వస్తాదా? ఇంట్లో ఒకలు పెట్టనంటే ఏటవుద్ది? పెట్టనన్నది ఎవులో మిగతావోళ్ళకి తెలిసిపోద్దా?"

ఎంత మంచి ప్రశ్నలు! స్కూల్లో సోషల్ చెబుతుంది కదా, పిల్లలకి చెప్పడానికి అడుగుతోందని మురిసిపోయాను. మొదటి నుంచి చెప్పుకొచ్చాను. వ్యక్తి సమ్మతి అంటే ఏమిటి, రహస్య ఓటు ఎందుకు పుట్టింది, అది లేని రోజుల్లో జమీందారు మనుషులు పోలింగు గదిలో నిలబడి ఏం చేసేవాళ్ళు, అన్నీ. ఆమె కాఫీ చల్లారిపోయింది. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏకాగ్రత తక్కువ. మీ ఇంటి నీళ్ళు.

ఇక నా సంతోషం. మాటల్లో మాటగా "మీ ఇంట్లో ఆ తుపాకీ ఇప్పుడెక్కడ పెడుతున్నారే?" అని అడిగాను. "ఇంట్లో ఎక్కడుంది నాన్నా, స్టేషన్లోనే ఉంది. ఓట్లప్పుడు ఇచ్చినాం కదా, మావ మరి తేలేదు" అంది. వెంటనే నాలిక కరుచుకుంది.

బావగారూ! ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి, ఫలితాలయ్యాక వెళ్ళి తెచ్చుకోవాలి. అందరికీ తెలిసిన ఆనవాయితీ. పోయినేడు ఎన్నికలయ్యాయి, ఫలితాలొచ్చాయి, గెలిచినవాళ్ళు గెలిచిన సంగతి కూడా మరిచిపోయారు. మీ తుపాకీ ఇంకా అక్కడే! అంటే, ఏ తుపాకీ లేకపోతే చెరుకు దక్కదని, పరువు దక్కదని ఎండలో అరిచారో, దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి మీకు ఏడాదికి పైగా తీరిక దొరకలేదు. ఈలోగా పందులు సెలవు మీద వెళ్ళాయా?

మీరొక్కరే అయి ఉండరు. సమాచార హక్కు కింద దరఖాస్తు రాసి ఉంచాను: మన డివిజన్లో పోయిన ఎన్నికలకి డిపాజిట్ చేసిన తుపాకుల్లో ఎన్నింటిని ఇంతవరకు తీసుకువెళ్ళలేదు? రేపు పోస్టు చేస్తాను.

ఇంత మంచి బావ దొరికినందుకు గర్విస్తున్న,
అప్పలనరసింహం.


నాతవరం,
13 ఆగస్టు.

అప్పలనరసింహానికి,

ఆ దరఖాస్తు పోస్టు చెయ్యకు.

తుపాకీకి గొళ్ళెం సరిగా పడటం లేదు. బాగుచేయించాక తెద్దామని వదిలేశాను. అంతే. దీనికోసం ఆఫీసులకి రాయడం ఎందుకు?

నీకు కావలసింది గెలవడం. సరే, నువ్వే గెలిచావు. నేను వేషం వేశాను, నువ్వు పట్టుకున్నావు. నీ చేతికి రాసి ఇస్తున్నాను, దాచుకో. ఇక్కడితో ఆపు. లావణ్యని కూడా ఏమీ అడగకు. ఆ పిల్ల మీ ఇంటికి వచ్చేది కాస్త ఊపిరి తీసుకోవడానికి.

బావ అనే మర్యాద ఏమైనా మిగిలి ఉంటే ఈ ఒక్క మాట విను.

సింహాద్రి.


నర్సీపట్నం,
21 సెప్టెంబరు.

బావగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికే దరఖాస్తు పోస్టులో పడింది. పడకపోయినా వేసేవాణ్ణి. మీ జీవితంలో మొదటిసారి నన్ను బతిమాలారు. అంత బతిమాలుకున్నారంటే అందులో దమ్ము ఉన్నట్టే కదా?

జవాబు వచ్చింది. డిపాజిట్ అయిన తుపాకుల్లో దాదాపు మూడో వంతు ఇంకా స్టేషన్లలోనే దుమ్ము తింటున్నాయి. ఒక వ్యాసం రాసి పంపాను. నిన్నటి జిల్లా పేజీలో వేశారు. "తుపాకీ కావాలి, తెచ్చుకోవడానికి తీరిక లేదు" అని శీర్షిక. నేను పెట్టిందే, మార్చలేదు. విలేకరికి అంతకంటే మంచిది తట్టి ఉండదు.

మీ పేరు రాయలేదు. "నాతవరం నుంచి వచ్చి ముందు వరసలో నడిచిన ఒక పెద్దాయన తుపాకీ కూడా స్టేషన్లోనే ఉన్నట్టు తెలిసింది" అని మాత్రం రాశాను. సత్యానికి ఆ మాత్రం సేవ చేయాలి.

పొద్దున టీ కొట్టు దగ్గర పేపరు ఒకడు చదువుతుంటే పదిమంది నవ్వారు. కవర్లో గొడుగు సంగతి కూడా వేశాను. ఆ గొడుగాయన నిన్నటి నుంచి బజార్లోకి రావడం లేదట. బుల్లిబాబు ఎవరి చేతో కబురు పంపాడు: "మేస్టారికి వయసైపోనాది, రెస్ట్ తీసుకోమనండి" అని. వయసైపోయింది నిజమే. అతను నా క్లాసులో వెనక బెంచీ మీద నిద్రపోతున్నప్పటి నుంచీ అవుతూనే ఉంది.

కటింగు జతపరిచాను. అక్కకి చదివి వినిపించండి.

అప్పలనరసింహం.


నాతవరం,
25 సెప్టెంబరు.

అప్పలనరసింహం,

నీ వ్యాసం ఫలితం చూడు.

నిన్న బుల్లిబాబు తన రైసుమిల్లులో సంఘం మీటింగు పెట్టాడు. పేపరు బల్ల మీద పరిచి మాట్లాడాడు. "మేస్టారు మనల్ని ఎటకారం సేసినాడు. మంచిదే. ముప్పయ్యో తారీకు లోపల ఎవులి తుపాకీ ఆళ్ళింటికి ఎల్లిపోవాల. ఒకటో తారీకు ఆయుధపూజ. తుపాకులకి పూజ సేసి ఫోటోలు అదే పేపర్లో ఏయిద్దాం. సంతకాలూ లేవు, గింతకాలూ లేవు, మా ఇళ్ళల్లో దీన్ని ఇలాగ సూసుకుంతామని సూపిద్దాం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సింహాద్రి మావా, పేపర్లో పడ్డ పెద్దాయనవి నువ్వే కదా. పూజ మీ ఇంటికాడే. మంగళవారం నా కారు ఎట్టి పంపుతాను, బేగి తయారుగుండు."

నేను గొళ్ళెం సంగతి చెప్పబోయాను. వెనక నుంచి నీ అల్లుడు ధర్మతేజ లేచాడు. "మా నాయిన నానుస్తాడండి. లైసెన్సు ఆయన పేర్న ఉంది కాబట్టి సంతకం ఆయనెడతాడు. తెచ్చీది నేను, తుడిసీది నేను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీ కోరిక తీరింది. ఇంక నాకు రాయకు.

సింహాద్రి.


నర్సీపట్నం,
26 సెప్టెంబరు.

బావగారికి,

రాయొద్దన్నారు కాబట్టి తప్పకుండా రాస్తున్నాను.

నా వ్యాసం వల్ల మూడో వంతు తుపాకులు సొంత గూళ్ళకి చేరుతున్నాయి. ఈ జిల్లాలో ఏ శాసనసభ్యుడూ ఒక్క కలంపోటుతో ఇంత పని చేయించలేదు. మీరు నాకు సన్మానం చేయాలి. శాలువా మాత్రం బుల్లిబాబు చేతికి ఇవ్వకండి.

పూజకి నాకు పిలుపు లేదా? పోనివ్వండి. ఒక్క సాయం చేయండి. ఆ తుపాకీకి పసుపు రాసి బొట్టు పెట్టే పని లావణ్యకి అప్పగించండి. సివిక్స్ మాస్టారి కూతురు తుపాకీకి హారతిస్తున్న ఫోటో పేపర్లో పడితే, కత్తిరించి పటం కట్టించుకుంటాను.

వియ్యంకుడు,
అప్పలనరసింహం.


నాతవరం,
27 సెప్టెంబరు.

అప్పలనరసింహం,

పటం కట్టించుకోవలసిన సంగతి చెబుతాను. కూర్చుని చదువు.

పోయినేడు, ఓట్ల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ధర్మతేజ తాగి వచ్చాడు. లావణ్య వంటింటి గుమ్మం దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది. అన్నం పెట్టమన్నాడు. "ఒక్క పది నిమిషాలాగు" అంది. "నాకంటే ఆ కాయితాలెక్కువేటి?" అని గదిలోకి వెళ్ళి తుపాకీ తెచ్చి లావణ్య గొంతు మీద పెట్టాడు.

మీ అక్క వచ్చి మధ్యలో దూరి, గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని తన వైపు లాక్కుంది. నేను వాకిట్లో మంచం మీద ఉన్నాను. నాకు అంతా కనిపిస్తూనే ఉంది. లేవలేదు. భయపడి కాదు. అందులో తూటా ఉందా లేదా అని గుర్తు తెచ్చుకుంటున్నాను. ముందురోజు పందులు వచ్చాయంటే నింపాను. తిరిగొచ్చాక తీశానా? తీయడం గుర్తొస్తోంది, అది అంతకుముందు రోజుదేమో అనిపిస్తోంది. ఎంత తల పట్టుకున్నా తేలలేదు. ఈలోగా వాడే నవ్వి, "ఊరికే, జోకు. ఉత్తి గొట్టానికే అంత భయమేటి?" అని గోడకి ఆనించి వెళ్ళి పడుకున్నాడు.

ఆడవాళ్ళిద్దరి ఎదుటే విప్పి చూశాను. తూటా లోపలే ఉంది.

ఆ వారంలోనే తుపాకులు అప్పగించమని పోలీసుల ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు కోసం నాలాగా ఎదురుచూసినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. మొదటి రోజే వెళ్ళి ఇచ్చేశాను. మరి తేలేదు. ఎందుకు తేలేదని ఎవరూ అడగకూడదని సంఘంలో చేరాను. అనుమానం రాకూడదని ముందు నడిచాను. ఖాళీ కవరు మొయ్యడం నాకెంత హాయిగా ఉందో నీకు తెలియదు.

సంతకాల రూలు అంటే నాకెందుకు భయమో ఇప్పుడైనా తెలిసిందా? లావణ్య పెట్టనంటుంది. పెట్టననగానే ఊరంతా ఎందుకని అడుగుతుంది. నిన్ను అడిగింది అదే. నువ్వు దానికి జమీందార్ల కథ చెప్పావు.

వాడు తాగడం మానలేదు. తుపాకీ ఎప్పుడొస్తుందా అని రోజూ గుడ్డ, నూనె తీసి చూసుకుంటున్నాడు. నేను వద్దంటే ఎందుకని బుల్లిబాబు అడుగుతాడు. అవునంటే మంగళవారం అది ఇంటికి వస్తుంది. నిన్న నీ ఉత్తరంలో బొట్టు పెట్టే ముక్క లావణ్య చదివింది. మడిచి బల్ల మీద పెట్టి నీళ్ళు తోడడానికి వెళ్ళింది.

ఇన్ని పుస్తకాలు చదివావు. ఏం చెయ్యమంటావో చెప్పు.

సింహాద్రి.


నర్సీపట్నం,
28 సెప్టెంబరు.

బావగారూ,

"లావణ్యను పంపించేయండి" అని రాసి కొట్టేశాను. ఆమె పంపడానికి మూట కాదు. వస్తే తలుపు తీసే ఉంటుందని చెప్పండి.

మంగళవారం మీరు తుపాకీ తీసుకోకూడదు. కారణం మీరు చెప్పనక్కర్లేదు, నేను చెబుతాను. ఈ ఉత్తరంతో పాటే ఎస్సై గారికి ఒక ఫిర్యాదు పంపుతున్నాను: మా బావకు చూపు పోయింది, మతిమరుపు వచ్చింది, ఆయన చేతికి ఆయుధం ఇస్తే ప్రమాదం, విచారించే దాకా ఇవ్వవద్దు అని. నా పేరూ సంతకంతో. ఎవరూ ఆశ్చర్యపోరు. "సొంత అక్క మొగుణ్ణి కూడా వదల్లేదు, ఇతనింతే" అంటారు. ఈ ఊళ్ళో నేను సంపాదించుకున్న పేరుకి ఇది అతికినట్టు సరిపోయే పని. మీరు స్టేషన్లో నిలబడి నన్ను నోటికొచ్చినట్టు తిట్టండి. గోడ మీది అక్షరాలు కనపడటం లేదనండి. సంతకం మాత్రం పెట్టకండి.

నా మేనల్లుడి గురించి, అంటే నా అల్లుడి గురించి, ఏమీ రాయను. వాడికి తగిన మాట ఇంకా దొరకలేదు. దొరికితే ఎదురుగానే చెబుతాను.

మీరు మంచం మీంచి లేవలేదు. అది నేను మరిచిపోను. మీ కవరు చూసి నేను నవ్వాను. అది మీరు మరిచిపోకండి.

అప్పలనరసింహం.


నాతవరం,
2 అక్టోబరు.

అప్పలనరసింహానికి,

మంగళవారం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వేరేవాళ్ళ నోట వింటే ఇంకోలా ఉంటుంది.

స్టేషనుకి బుల్లిబాబు కార్లో వెళ్ళాం. నేను, ధర్మతేజ, పేపరతను. ఎస్సై నీ ఫిర్యాదు చదివి వినిపించాడు. బుల్లిబాబు గట్టిగా నవ్వాడు. "సూసినావా మావా, నీ బామ్మర్ది! నీకు సూపు లేదంట! ఆ గోడ మీద కేలండరు సదివీసి ఎస్సైగారికి సూపించు." నేను కళ్ళు చికిలించి "ఏటుందో కనపడ్డం లేదు బాబూ" అన్నాను. "ఏటి మావా, నిన్న మా మిల్లు గేటు కాడ నిలబడి రోడ్డు మీదెల్లిపోతున్న లారీ నంబరు సదివినావు!" అన్నాడు. నాకు అబద్ధం ఆడటం చేతకాదు. నువ్వు రాసిచ్చినా చేతకాలేదు. ఎస్సైకి కూడా నవ్వొచ్చింది. "పెద్దాయనకి బాగానే కనపడుతోంది, సంతకం పెట్టించుకోండి" అని కానిస్టేబుల్‌తో చెప్పాడు. తుపాకీ బల్ల మీదకి వచ్చింది. ధర్మతేజ జేబులోంచి గుడ్డ తీశాడు.

పెన్ను నా చేతిలో ఉంది. అప్పుడు లచ్చన్న ఆటో ఆగింది. లావణ్య దిగింది, వెనకాల మీ అక్క. నీ ఆఖరి ఉత్తరం కూడా చదివేసిందని తర్వాత తెలిసింది.

లావణ్య తిన్నగా ఎస్సై దగ్గరికి వెళ్ళింది. "మా మావకి సూపు బాగానే ఉందండి. మా నాన్న రాసింది అబద్ధం. తుపాకీ మాత్రం ఇవ్వకండి. పోయినేడు మా ఆయన దాన్ని నా పీక మీద ఎట్టినాడు. లోపల తూటా ఉంది" అంది. గొంతు పెంచలేదు. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పింది.

బుల్లిబాబు పేపరతని కెమెరా కిందికి దించమని సైగ చేసి, "అమ్మా, ఇంట్లో మాట. నలుగురం కూసుని మాటాడుకుందాం. స్టేషన్లో ఏటిది?" అన్నాడు.

"పూజకి ఊరందర్నీ ఏసుకుని మా ఇంటికే వస్తానన్నారు కదండీ. అప్పుడు ఇంటి మాట కాదేటి?" అంది.

ధర్మతేజ "జోకండి, అది జోకు" అని ఎస్సైకి చెప్పబోయాడు. మీ అక్క కొడుకు మొహంలోకి చూసి "నాను గొట్టం పట్టుకున్నాను రా. జోకేటో నన్నడుగు" అంది. ఆమె వాడితో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఎస్సై నా వైపు తిరిగాడు. "నిజమేనా?" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. వాడు నా కొడుకు. నేను అవునంటే వాడు ఏమవుతాడో తెలియదు. పెన్ను కింద పెట్టి "నిజమే బాబూ" అన్నాను.

తుపాకీ లోపలికి వెళ్ళిపోయింది. నా లైసెన్సు రద్దు చేయమని అక్కడే రాసిచ్చాను. లావణ్య చెప్పింది ఎస్సై రాసుకుని ధర్మతేజని రెండు గంటలు కూర్చోబెట్టి పంపాడు. మళ్ళీ చెయ్యి ఎత్తితే కేసు నడుస్తుందన్నాడు. వాడిప్పుడు జీడితోటలో పాకలో ఉంటున్నాడు. భోజనం మీ అక్క పంపుతోంది. నాతో మాట్లాడటం లేదు. లావణ్య ఇక్కడే ఉంటానంది. "ఇల్లు నాది కూడా మావా, నేనెందుకెళ్తాను" అంది.

సంఘంలోంచి నన్ను తీసేశారు. పూజ బుల్లిబాబు ఇంట్లోనే చేసుకున్నారు. దారిలో కనిపిస్తే జనం నన్ను తప్పుకుని పోతున్నారు. ఫరవాలేదు.

నీ కూతురు ఆదివారం నీ దగ్గరికి వస్తానంది.

మీ బావ,
సింహాద్రి.


నర్సీపట్నం,
6 అక్టోబరు.

బావగారికి,

శనివారం సాయంత్రం బుల్లిబాబు మా ఇంటికి వచ్చాడు. స్వీట్ల డబ్బా తెచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను "సార్" అన్నాడు. "నాతవరం స్టేషన్లో జరిగింది రాస్తారేటో సార్. ఉద్యమం దెబ్బతింటాది. మన పిల్ల పరువు కూడా ఆలోసించండి" అన్నాడు. నా పిల్ల పరువు గురించి అతను బెంగపడుతున్నాడు! డబ్బా అతని ఎదురుగానే వీధి గుమ్మం బయట పెట్టాను. చీమలకి కూడా పనికిరాదని చెప్పాను.

అతను రాకముందే వ్యాసం పూర్తయింది. దాచడం దేనికి, చాలా బాగా వచ్చింది. ఆడవాళ్ళ సంతకమంటే ఇంతమంది మగవాళ్ళు ఎందుకు వణికిపోతున్నారో ఒక్క పేరాలో తేల్చేశాను. బుల్లిబాబు మీద ఒక వాక్యం ఉంది. నా జీవితంలో అంత మంచి వాక్యం రాయలేదు. ఆ ఒక్క వాక్యంతో శాలువా బాకీ మొత్తం తీరిపోతుంది.

నిన్న లావణ్య వచ్చింది. నేను వ్యాసం చేతికిచ్చాను. చదివింది. "రాయడం బాగుంది నాన్నా. పంపకు" అంది. ఎందుకని నేను అడగలేదు. అడగవలసింది ఇంకొకటి ఉంది, అది అడిగాను: "ఏడాదిన్నర నుంచి ఇంత దగ్గర్లో ఉన్నాను. నాకెందుకు చెప్పలేదే?"

నా చెవి దగ్గరికి వంగింది. నా చెవుడు మీకు తెలుసు. అయినా నెమ్మదిగానే చెప్పింది, ఒక్క ముక్క కూడా పోలేదు.

"నీకు సెప్తే నువ్వు గెలిచీసినట్టు అయిపోద్ది నాన్నా. అందుకే."

ఆమె జవాబు కోసం కూర్చోలేదు. వంటింట్లో గిన్నెలు కడిగి, నా కళ్ళద్దాలు తుడిచి, నాలుగు గంటల ఆటోకి వెళ్ళిపోయింది.

వ్యాసం పంపలేదు. కనీసం ఆ వాక్యం మీకు రాసి పంపుదామనుకున్నాను. మీకు నచ్చుతుంది, బుల్లిబాబు మీకూ నచ్చడు కదా. మీరు చదివితే అక్కకి వినిపిస్తారు. అక్క నవ్వుతుంది. ఆ నవ్వు పక్క గదిలో లావణ్యకి వినపడుతుంది.

అందుకని మీకు కూడా పంపడం లేదు.

అప్పలనరసింహం.